పట్టపగలు చేర్చిన ఐదో సర్వర్

ఆ సోమవారం బేగంబజార్‌లో ఎంత లొల్లి జరిగిందో నేను కళ్లతో చూడలేదు. చెవులతో విన్నాను. ఆబిడ్స్ వెనక ఒక పాత భవనం రెండో అంతస్తులో, తలకు హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చుంటే, ఆ బజారు మొత్తం నా చెవిలోకి వచ్చి అరిచింది.

మా కంపెనీ చిన్నది. టోకు వ్యాపారులు జిల్లాలకు పంపే సరుకును లారీల్లో బుక్ చేసే యాప్ మాది. గిన్నెల మూటలు, మిరపకాయల బస్తాలు, ప్లాస్టిక్ బకెట్ల కట్టలు, ఏ పార్సెల్ ఏ లారీ ఎక్కింది, ఎక్కడిదాకా వెళ్లింది అన్న వివరమంతా మా డేటాబేసులో ఉంటుంది. నేను హెల్ప్‌లైన్‌లో కూర్చునేదాన్ని. ఉప్పుగూడలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలో ముగించడం నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఉద్యోగం ఇచ్చింది కూడా అందుకే. కంప్యూటర్స్‌లో డిగ్రీ చేశానన్న సంగతి నా దరఖాస్తు రెండో పేజీలో ఉంది. ఆ పేజీని ఎవరూ తిప్పినట్టు లేరు.

"బేటీ, మాల్ కిధర్ హై బోలో! నిన్న బుక్ చేసిన ముప్పై పార్సెళ్లు మీ ఫోన్ల కనబడతనే లేవు," అని ఒక స్టీలు సామాన్ల సేటు అరిచాడు. ఆ గొంతు నాకు తర్వాత బాగా పరిచయమైంది.

"చూస్తున్నం సేట్, జర ఆగుండ్రి," అన్నాను.

చూడటానికి ఏమీ లేదు. సగానికి పైగా పార్సెళ్లు ఎక్కడున్నాయో యాప్‌కే తెలియడం లేదు. మధ్యాహ్నం దాకా అదే మాట ఎన్నిసార్లు చెప్పానో! చివరికి నా గొంతు పోయింది.

సంగతి ఇది. మా డేటా మూడు సర్వర్ల మీద పంచి ఉండేది. బరువు ఎక్కువైందని ఆదివారం నాలుగో సర్వర్ చేర్చారు. సాయంత్రానికల్లా పని పూర్తవుతుందనుకున్నారు. సోమవారం బజారు తెరిచే వేళకు కూడా డేటా ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు వెళుతూనే ఉంది. దారిలో ఉన్న పార్సెల్ వివరం పాత చోటా దొరకదు, కొత్త చోటా దొరకదు.

ఆ సాయంత్రం లోకల్ రైలు దిగి ఇంటికి వెళ్లేసరికి మా నాన్న, నేను బాపు అనే పిలుస్తాను, అప్పటికే వచ్చేసి ఉన్నాడు. అది ఆయన ఇంటికొచ్చే వేళ కాదు. బాపు బేగంబజార్‌లో హమాలీ. ఒక గల్లీలో మూటలు మోసే తొమ్మిది మంది ముఠాకు పెద్ద. దుకాణం నుంచి గోదాముకు, గోదాము నుంచి లారీకి ఆ గల్లీ సరుకంతా వాళ్ల భుజాల మీదే కదులుతుంది.

"ఏంది బిడ్డా మీ కంప్యూటర్ కథ?" అన్నాడు నన్ను చూడగానే. "పొద్దుగాల నుంచి తొమ్మిది మందిమి మూటల మీదనే కూసున్నం. బిల్టీ లేదాయె. బిల్టీ లేనిదే డ్రైవర్ బండి కదిలియ్యడు."

బిల్టీ అంటే సరుకుతో పాటు లారీలో వెళ్లవలసిన కాగితం. అది మా యాప్ నుంచే వస్తుంది. నేను జవాబు చెప్పబోయాను. గొంతులో నుంచి గాలి తప్ప ఏమీ రాలేదు. బాపు కోపమంతా అక్కడే చల్లారింది. "నువ్వేం జేస్తవ్ లే. నీ చేతుల ఏమున్నది?" అని, లోపలికి వెళ్లి గోరువెచ్చటి నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

"నీ చేతుల ఏమున్నది?" ప్రేమతోనే అన్నాడు. అయినా ఆ మాట నన్ను పడుకోనివ్వలేదు.

మరునాడు భోజనాల వేళ ఒక కాగితం తీసుకుని, ఏం జరిగిందో లెక్క వేసి చూశాను. మా దగ్గర పద్ధతి సులువైనదే. ప్రతి పార్సెల్ నంబరునూ ఒక సూత్రంలో వేస్తే ఒక అంకె వస్తుంది. ఆ అంకెను సర్వర్ల సంఖ్యతో భాగించాలి. శేషం ఎంత మిగిలితే ఆ నంబరు సర్వర్‌లో ఆ పార్సెల్ వివరం ఉంటుంది. మూడు సర్వర్లుంటే మూడుతో, నాలుగుంటే నాలుగుతో భాగిస్తాం. సున్నా నుంచి పదకొండు దాకా పన్నెండు అంకెలు వరసగా రాసుకుని, ముందు మూడుతో భాగించాను, తర్వాత నాలుగుతో. రెండుసార్లూ ఒకే శేషం వచ్చినవి మూడే మూడు. మిగతా తొమ్మిదీ చోటు మారాయి. అంటే ఒక్క సర్వర్ చేర్చినందుకు నాలుగింట మూడు వంతుల డేటాను ఊరంతా తిప్పాం. చేర్చిన సర్వర్‌కు కావలసింది నాలుగో వంతే.

కాగితం పట్టుకుని డేటాబేసు టీమ్ పెద్దాయన గదికి వెళ్లాను. అందరూ సార్ అనే పిలిచేవారు. మూడు రోజులుగా సరిగా తిననట్టు ఉంది ఆయన మొహం. కాగితం చూసి తల ఊపారు.

"తెలుసమ్మా. మొదలుపెట్టినప్పుడు మూడు సర్వర్లకు మించి ఎప్పుడూ అక్కర్లేదనుకున్నాం. ఇప్పుడు దీపావళి సీజన్ లోపల ఐదోది చేర్చాలి. మళ్లీ ఇదే జరుగుతుంది." కొంచెం వింతగా చూస్తూ అడిగారు. "హెల్ప్‌లైన్‌లో ఉంటావు కదా నువ్వు? ఇవన్నీ నీకెలా తెలుసు?"

"రెండో పేజీల ఉంది సార్," అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. దరఖాస్తు సంగతి చెప్పాక మాత్రం నవ్వారు. "మంచి మార్గం ఏదైనా తోస్తే తీసుకురా. నా తలుపు తెరిచే ఉంటుంది."

నిజం చెప్పాలంటే నాకేమీ తోచలేదు. రెండు వారాలు రైల్లో కూడా అదే ఆలోచన. శేషాన్ని మార్చి చూశాను, సూత్రాన్ని మార్చి చూశాను. సర్వర్ల సంఖ్యతో భాగిస్తున్నంత కాలం ఆ సంఖ్య మారినప్పుడల్లా అన్నీ మారక తప్పదు.

ఒక ఆదివారం అన్నం తింటూ బాపు అమ్మతో ఏదో చెబుతున్నాడు. ముఠాలో పదో మనిషి చేరాడట. పని పెరిగింది కాబట్టి చేర్చుకున్నారు. నేను ఊరికే అడిగాను.

"మరి ఆయనకు దుకాణాలు ఎట్ల ఇచ్చినవ్ బాపూ? అందరియీ మళ్ల పంచినవా?"

బాపు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "అందరియీ మళ్ల పంచితే సేట్లు ఊకుంటరా? ఎవర్ని పిలువాల్నో తెల్వక గల్లీ గల్లీ ఆగమైతది. తొమ్మిది మంది కాడ ఒకటో రెండో తీసిన, కొత్తాయనకు ఇచ్చిన. కడమయి ఎక్కడియి అక్కడనే."

"దుకాణం పోయినాయన్నే సేటు పిలిస్తే?"

"పిలుస్తడు, అలవాటు గదా. 'గిప్పుడు గా దుకాణం నాది కాదు సేట్, గాయనది' అని చెప్తడు. రెండు దినాలల్ల అందరికి ఎరుకైతది. గోదాము గోడ మీద సుద్దతోని రాసి పెట్టినం గదా, ఏ దుకాణం ఎవరిదో. మారినప్పుడు గా ఒక్క గీత తుడిచి రాస్త."

"ఎవరన్న పనికి రాకపోతే?"

"వాని దుకాణాలన్నీ ఒక్కని మీదనే ఏస్తే వాడు కూడ మంచాన పడ్తడు. అందరికి తలా ఒకటి." ఇంకో ముద్ద కలుపుకుని అన్నాడు. "దీంట్ల ఇంత అడుగనీకి ఏమున్నది బిడ్డా?"

నేను అప్పటికే చెయ్యి కడుక్కోవడానికి లేచాను. కంచంలో సగం అన్నం అలాగే ఉందని అమ్మ కేకలేసింది. నోట్‌బుక్ తీసి మంచం మీద బోర్లా పడుకుని రాయడం మొదలుపెట్టాను.

గల్లీలో దుకాణాలు ఎక్కువ, మనుషులు తక్కువ. దుకాణం మారదు. అది ఎవరి చేతిలో ఉందన్నదే మారుతుంది. మేం పార్సెళ్లను నేరుగా సర్వర్లకు పంచుతున్నాం, అదే తప్పు. ముందు డేటాను ఎప్పటికీ మారని చిన్న చిన్న భాగాలుగా విడగొట్టాలి. ఏ భాగం ఏ సర్వర్‌లో ఉందో విడిగా ఒక పట్టికలో రాసుకోవాలి. సర్వర్ చేరితే ఉన్నవాటి దగ్గర నుంచి కొన్ని భాగాలు తీసి దానికివ్వాలి. తక్కినవి కదలకూడదు.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. పెద్ద పెద్ద డేటాబేసుల్లో ఈ పద్ధతి ఎప్పటి నుంచో ఉందని తర్వాత చదివి తెలుసుకున్నాను. అయినా ఆ మధ్యాహ్నం అది నాదే.

సార్ నోట్‌బుక్ రెండుసార్లు చదివారు. "ఎన్ని భాగాలు?" అని అడిగారు.

"రెండు వందల నలభై. నాలుగు సర్వర్లకు తలా అరవై. ఐదోది వస్తే ఒక్కోదాని నుంచి పన్నెండు తీసి దానికి ఇస్తం. అప్పుడు అందరికీ నలభై ఎనిమిది. ఐదో వంతు డేటానే కదులుతుంది."

"బాగుంది. కానీ ముందు ఈ కొత్త పద్ధతిలోకి మారడానికే డేటా అంతా ఒకసారి తిప్పాలి కదా? మళ్లీ ఆ సోమవారమే కదా?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. దాని కోసమే కాచుకుని ఉన్నాను.

"ఒక్కటి కూడా తిప్పనక్కర్లేదు సార్. రెండు వందల నలభైని నాలుగు నిశ్శేషంగా భాగిస్తుంది. సూత్రంలో వచ్చిన అంకెను రెండు వందల నలభైతో భాగిస్తే మిగిలే శేషమే భాగం నంబరు. దాన్ని మళ్లీ నాలుగుతో భాగిస్తే వచ్చే శేషం, ఇప్పుడు ఆ పార్సెల్ ఉన్న సర్వర్ నంబరే. మొదటి పట్టిక అట్లనే రాసుకుంటే డేటా ఎక్కడిది అక్కడనే ఉంటుంది. మారేది మనం చూసే పద్ధతి ఒక్కటే."

సార్ పెన్ను తీసుకుని ఒక పది అంకెలు వేసి చూశారు. ఇంకో పది వేశారు. కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్లి వెనక్కి వచ్చారు.

"రేపటి నుంచి పొద్దున హెల్ప్‌లైన్, మధ్యాహ్నం నా దగ్గర," అన్నారు.

ఆరు వారాలు అలా గడిచాయి. పొద్దున సేట్ల తిట్లు, మధ్యాహ్నం కోడ్. భాగాన్ని కదిలించే తీరు ఇద్దరం కలిసి రాశాం. కదులుతున్నంతసేపూ పాత సర్వరే జవాబిస్తుంది. కొత్తగా వచ్చిన బుకింగ్ రెండు చోట్లా రాస్తాం. కాపీ పూర్తయ్యాక పట్టికలో ఆ ఒక్క గీత మారుస్తాం. పాత పట్టిక చూసుకుని ఎవరైనా పాత సర్వర్‌కే వస్తే, అది నా దగ్గర లేదు, ఫలానా చోట ఉందని చెప్పి పంపిస్తుంది. సార్ ఒక్క మెట్టు మీద మాత్రం పట్టుబట్టారు. పట్టిక మార్చే ముందు రెండు చోట్లా రికార్డులన్నీ ఒకదానితో ఒకటి పోల్చి చూడాలి. టైమ్ వృథా అని నేను వాదించాను. "కదిలించాక నమ్మకు, చూడు," అన్నారు ఆయన.

కొత్త పద్ధతిలోకి మారిన రోజు నిజంగానే ఏమీ జరగలేదు. ఇక ఐదో సర్వర్ చేర్చడమే మిగిలింది. సార్ అర్ధరాత్రి చేద్దామన్నారు. నేను వద్దన్నాను.

"రాత్రి పని ఆగినా ఎవరికీ తెలియదు సార్. పగలు చేస్తేనే ఆగలేదని తెలుస్తది. మంగళవారం, బజారు నడుస్తుండంగ చేద్దాం. నేను బజార్లనే ఉంట."

ఆయన కుర్చీ నా వైపు తిప్పారు. "ఏదైనా అయితే ఆ సేట్లు నిన్ను అక్కడే పట్టుకుంటారు."

"ఫోన్ల అరిచేది ఎదురుగ అరుస్తరు. అంతే గదా."

మంగళవారం పది గంటలకు బాపు గల్లీలో, ఆ స్టీలు సామాన్ల సేటు దుకాణం ముందు కూర్చున్నాను. వరసగా పేర్చిన అట్టపెట్టెల మీద ల్యాప్‌టాప్ పెట్టుకున్నాను. ఫోన్లో సార్ ఆఫీసు నుంచి లైన్‌లో ఉన్నారు. పండగ సీజన్ కాబట్టి గల్లీలో మనిషి పక్క నుంచి మనిషి పోవడమే కష్టంగా ఉంది. సేటు నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆ దినం ఫోన్ల మాట్లాడింది నువ్వేనా బేటీ? ఇయ్యాల మళ్ల బంద్ పెడ్తవా ఏంది?"

"లే సేట్. మీ పని మీరు చేసుకోండ్రి."

పదిన్నరకు మొదటి భాగం కదిలింది. కాపీ, పోలిక, పట్టికలో మార్పు, అంతా కలిపి ఏడు నిమిషాలు. నా ముందు నుంచి బాపు ముఠా మనిషి ఒకతను గిన్నెల మూట మోసుకుని లారీ వైపు నడిచాడు. లారీ దగ్గర గుమాస్తా చేతిలోని ఫోన్ నొక్కితే పక్కనున్న చిన్న ప్రింటర్‌లోంచి బిల్టీ వచ్చింది. రెండోది, మూడోది. మధ్యాహ్నానికి పదమూడు అయ్యాయి. తర్వాత ధైర్యం వచ్చి రెండేసి చొప్పున కదిలించాం.

ముప్పై ఒకటో భాగం దగ్గర తెర మీద ఎర్రటి గీత పడింది. పోలిక కుదరలేదు. పాత సర్వర్‌లో ఒక రికార్డు ఎక్కువ ఉంది.

బాపు మూట దించి నా మొహం చూసి ఆగిపోయాడు.

"ఏమైంది బిడ్డా?"

"ఒకటి తప్పింది బాపూ."

"లారీ ఏదన్న ఆగిందా?"

తలెత్తి చూశాను. గుమాస్తా ప్రింటర్‌లోంచి బిల్టీ చింపి డ్రైవర్ చేతికిస్తున్నాడు. "లే. పాతదే నడుస్తుంది."

"మరింక ఫికర్ ఏంది? నిమ్మళంగ చూడు." ఆయన మళ్లీ మూట ఎత్తుకున్నాడు.

నిమ్మళంగా చూశాను. తప్పు నాదే. ముందు కాపీ మొదలుపెట్టి, ఆ వెంటనే రెండు చోట్లా రాయడం మొదలుపెట్టేలా రాశాను. ఆ రెంటికీ మధ్య రెప్పపాటు ఖాళీ ఉంది. ముప్పైసార్లు ఆ ఖాళీలో ఎవరూ రాలేదు. ముప్పై ఒకటోసారి ఎవరో ఒక మూట బుక్ చేశారు. సార్ పట్టుబట్టిన ఆ పోలిక లేకపోతే ఆ మూట శాశ్వతంగా మాయమయ్యేది.

"సార్, ఆ రెండు మెట్లు తిరగేయాలి. ముందు రెండు చోట్లా రాయడం, తర్వాతే కాపీ," అన్నాను ఫోన్లో.

"ముందటి ముప్పైకి ఏమీ కాలేదు కదా?"

"అన్నీ పోలిక కుదిరాకే పట్టిక మార్చినం సార్."

"అయితే తిరగెయ్యి. నేను ఇక్కడ చూస్తుంటాను."

రెండు లైన్ల కోడ్ కిందిది పైకి, పైది కిందికి మారింది. ఆ భాగాన్ని మొదటి నుంచి కాపీ చేశాం. ఈసారి కుదిరింది. నేను తాగకుండా వదిలేసిన చాయ్ చల్లారి, దాని మీద పొర కట్టి ఉంది. అలాగే ఒక్క గుక్కలో తాగేశాను. అంత రుచిగా ఉన్న చాయ్ మళ్లీ తాగలేదు.

నాలుగు గంటలకు నలభై ఎనిమిదో భాగం చేరింది. తెర మీద ఐదు సర్వర్లు, ఐదింటి ఎదురుగా అదే అంకె. ఫోన్లో చప్పట్లు వినిపించాయి. ఆఫీసంతా నిలబడి కొడుతున్నారట.

సేటు గల్లా పెట్టె వెనక నుంచి తొంగి చూశాడు. "క్యా బేటీ, పొద్దుగాల నుంచి కూసున్నవ్. మీ పని ఎప్పుడు షురూ చేస్తవ్?"

"అయిపోయింది సేట్."

"ఏందీ, అయిపోయిందా?" గల్లీలోకి చూశాడు. ఐదు లారీలు నిండి వెళ్లాయి, ఆరోది నిండుతోంది. "నాకు తెల్వనే తెల్వది గదా!"

ఆ మాట వినడం కోసమే ఆరు వారాలు పని చేశానని అప్పుడు తెలిసింది. నవ్వు ఆపుకోలేకపోయాను. బాపు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చి, ముఠా వాళ్లందరికీ వినబడేలా అన్నాడు.

"చూసిన్రా? కంప్యూటర్ల గల్లీ గల్లీ మార్చేసింది నా బిడ్డ. ఒక్క మూట ఆగలే!"

పదిమందీ నా చుట్టూ చేరారు. అందరికీ మిర్చీబజ్జీలు సేటు తెప్పించాడు. మా యాప్‌ను ఆ రోజు దాకా ఆయన తిట్టని తిట్టు లేదు.

వారం తిరక్కుండా నన్ను డేటాబేసు టీమ్‌లోకి మార్చారు. హెల్ప్‌లైన్ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టినప్పుడు చెవుల చుట్టూ చల్లగాలి తగిలినట్టు అనిపించింది. దీపావళికి ముందు రద్దీలో, పట్టపగలు, రెండో సర్వర్ నిజంగానే చచ్చిపోయింది. అప్పటికే ప్రతి భాగానికీ ఇంకో సర్వర్‌లో నకలు పెట్టి ఉంచాం. రెండో సర్వర్ భాగాల నకళ్లన్నీ ఒక్కచోట కాకుండా మిగతా నాలుగింటికీ సమంగా పంచి ఉన్నాయి. అందుకే దాని చోట కొత్తది పెట్టేదాకా దాని బరువు నాలుగూ కలిసి మోశాయి. హెల్ప్‌లైన్‌కు వచ్చిన ఒకే ఒక్క ఫోన్, పాస్‌వర్డ్ మర్చిపోయిన ఒక పెద్దాయనది.

ఆరో సర్వర్ చేర్చిన రోజు నేను సెలవులో ఉన్నాను. కావాలనే పెట్టిన సెలవు. టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయికి అన్నీ చూపించి, ఈసారి నువ్వే చెయ్యమన్నాను. మాదన్నపేట మార్కెట్‌లో వంకాయలు ఏరుతుంటే ఆమె నుంచి మెసేజ్ వచ్చింది. "ఒక్కోదాని నుంచి ఎనిమిది తీసినం అక్కా. నలభై కదిలినయ్. అన్నీ కుదిరినయ్. ఎవ్వరు ఫోన్ చెయ్యలే."

నేను పైకే "శభాష్!" అనేశాను.

కూరగాయలామె తక్కెడ ఆపి నన్ను చూసింది. "ఏమైందమ్మా? పరీక్ష పాసైనవా?"

"నేను కాదమ్మా, మా పిల్ల పాసైంది," అన్నాను.

"అట్లనా! మరి అర్ధ కిలో ఎందుకు, కిలో తీసుకపో," అంది ఆమె. తీసుకున్నాను.